రక్త విరేచనాల బిడ్డ కోసం దాచవలసిన మందు

వానలు మొదలై చెరువుల్లోకి కొత్త నీరు చేరే రోజుల్లో వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి ప్రాంతాల్లో ఏ మందుల షాపు ముందు కాసేపు నిలబడినా ఒక మాట వినిపిస్తుంది: "అన్నా, బాబుకు మోషన్లు అయితున్నయ్, బంద్ అయ్యే మందు ఇయ్యుండ్రి." దానికి జవాబుగా కౌంటరు మీదికి వచ్చేది చాలాసార్లు ఒక తీయని సిరపు సీసా. అందులో ఆఫ్లాక్సాసిన్, దానికి తోడుగా మెట్రోనిడజోల్ లేదా ఆర్నిడజోల్ ఉంటుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ అడిగితే ఇస్తారు. అడగకపోతే చాలాచోట్ల ఆ ప్రస్తావనే రాదు. జింక్ సంగతి అడిగేవారు మరీ తక్కువ. పిల్లల నీళ్ల విరేచనాలకు ఇలా ఇచ్చే యాంటీబయాటిక్‌ను మనం "పనిచేస్తే మంచిదే, పనిచేయకపోయినా పోయేదేమీ లేదు" అన్న భావంతో వాడుతున్నాము. ఆ భావం తప్పని, ఆ మందు వల్ల జరిగే నష్టాన్ని భరించేది అది నిజంగా అవసరమైన మరొక పిల్లవాడని, ఆ పిల్లవాడు తరచుగా మన వీధిలోనే ఉంటాడని నేను ఈ వ్యాసంలో వాదించదలచాను.

నేను హనుమకొండలో ఒక ప్రైవేటు ల్యాబులో సూక్ష్మజీవుల విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మలం నమూనా రాగానే దాన్ని బ్యాక్టీరియాను పెంచే మెకాంకీ అగార్, ఎక్స్ఎల్‌డీ అగార్ పోసిన ప్లేట్ల మీద గీసి, రాత్రంతా శరీరపు వేడికి సమానమైన వేడిలో ఉంచుతాము. మరునాడు మెకాంకీ ప్లేటు మీద రంగులేని కాలనీలు కనిపిస్తే షిగెల్లా, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాలలో ఏదో ఒకటి కావచ్చునని అనుమానించి, మరికొన్ని పరీక్షలతో నిర్ధారించుకుంటాము. ఆ తరువాత వేరొక ప్లేటు మీద ఆ బ్యాక్టీరియాను సమంగా పరిచి, ఒక్కో యాంటీబయాటిక్ అద్దిన చిన్న కాగితపు డిస్కులను దాని మీద అమర్చుతాము. మందు పనిచేస్తే డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం ఏర్పడుతుంది. పనిచేయకపోతే బ్యాక్టీరియా డిస్కు అంచు దాకా దట్టంగా పెరిగి ఉంటుంది. షిగెల్లా పెరిగిన ప్లేటు మీద, ఆఫ్లాక్సాసిన్ కుటుంబానికే చెందిన సిప్రోఫ్లాక్సాసిన్ డిస్కు చుట్టూ ఏ వలయమూ లేకపోవడం ఇప్పుడు మా ల్యాబులో ఎవరికీ వింతగా తోచదు. రిపోర్టులో ఆ మందు పేరు ఎదురుగా నిరోధకతను సూచించే "ఆర్" అక్షరాన్ని రాసేటప్పుడు నా చూపు వయసు గడి మీదికి పోతుంది. అక్కడ రెండేళ్లు అనో, మూడేళ్లు అనో ఉంటుంది.

పిల్లలకు విరేచనాలు ఎందుకు వస్తాయో మొదట చూడాలి, ఎందుకంటే వాదమంతా దాని మీదే ఆధారపడి ఉంది. 2007 చివరి నుండి 2011 వరకు ఆఫ్రికా, దక్షిణాసియాలలోని ఏడు చోట్ల, మన కోల్‌కతాతో సహా, ఒక మోస్తరు నుండి తీవ్రమైన విరేచనాలు ఉన్న 9 వేలకు పైగా ఐదేళ్లలోపు పిల్లలను పరిశీలించిన పెద్ద అధ్యయనం ఒకటి జరిగింది. 2013లో ప్రచురితమైన ఆ ఫలితాలలో ఎక్కువ జబ్బుకు కారణమైనవిగా నాలుగు సూక్ష్మజీవులు తేలాయి: రోటావైరస్, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి, ఒక రకమైన విషాన్ని తయారుచేసే ఈ.కోలై, షిగెల్లా. వీటిలో రోటావైరస్ మీద ఏ యాంటీబయాటిక్ పనిచేయదు. క్రిప్టోస్పోరిడియం మీద ఆఫ్లాక్సాసిన్ గానీ మెట్రోనిడజోల్ గానీ పనిచేయవు. విషం తయారుచేసే ఈ.కోలై వల్ల వచ్చే నీళ్ల విరేచనాలు ఒంట్లోని నీటిని, లవణాలను నిలబెట్టగలిగితే కొద్ది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. మిగిలింది షిగెల్లా. పేగు గోడను లోపలి నుండి పుండు చేసి, రక్తం, జిగట, కడుపులో మెలిపెట్టే నొప్పి, జ్వరం తెచ్చేది అదే. పది నుండి వంద బ్యాక్టీరియా కడుపులోకి పోయినా చాలు, జబ్బు తెస్తుంది. ఇంత కొద్ది మోతాదు సరిపోతుంది గనుకనే అది చేతుల మీదుగా, ఒకే చెంబు మీదుగా, ఈగల మీదుగా ఇంటిల్లిపాదికీ పాకుతుంది.

అందువల్లనే ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల విరేచనాలలో యాంటీబయాటిక్ వాడకాన్ని చాలా ఇరుకైన హద్దులో పెట్టింది. మలంలో రక్తం కనిపిస్తే వాడాలి. తీవ్రంగా నీరు కోల్పోయి కలరా అనుమానం ఉంటే వాడాలి. విరేచనాలతో పాటు న్యుమోనియా వంటి వేరే జబ్బు ఉంటే దాని కోసం వాడాలి. మిగిలిన వాటికి ఓఆర్ఎస్, జింక్, తల్లిపాలు, అలవాటైన తిండి. రెండు యాంటీబయాటిక్‌లను ఒకే సీసాలో కలిపిన మన షాపుల సిరపుకు ఆ సిఫార్సులలో ఎక్కడా చోటు లేదు. నీళ్ల విరేచనాల పిల్లవాడికి అందులోని రెండు మందుల్లో ఒక్కటీ అవసరం ఉండదు.

ఇదంతా వైద్య కళాశాలల్లో చదువుకున్నవారికి తెలియనిది కాదు. మరి సీసా ఎందుకు కదులుతోంది? నా ఉద్దేశంలో దీనికి మూలం ఓఆర్ఎస్ చేసే పనిలోనే ఉంది. ఓఆర్ఎస్ విరేచనాలను ఆపదు. పోయిన నీటిని, ఉప్పును తిరిగి ఒంట్లోకి చేరుస్తుంది. చిన్న పేగులో గ్లూకోజు, సోడియం కలిసి లోపలికి పోయే దారి జబ్బు సమయంలో కూడా తెరిచే ఉంటుంది గనుక, వాటి వెంట నీరు కూడా పోతుంది. ప్రాణం నిలబడేది దానివల్లనే. కానీ తల్లి లెక్కపెట్టేది పొద్దటి నుండి ఎన్ని గుడ్డలు మార్చిందన్నది. ఓఆర్ఎస్ తాగించినా ఆ లెక్క వెంటనే తగ్గదు. నీళ్ల విరేచనాలు సహజంగా తగ్గడానికి మూడు రోజుల నుండి వారం దాకా పడుతుంది. మూడో రోజున కంగారుపడి సీసా తెస్తారు, ఐదో రోజున విరేచనాలు తగ్గుతాయి, పేరు సీసాకు దక్కుతుంది. మరుసటి ఏడు ఇంట్లో ఇంకో పిల్లవాడికి విరేచనాలు పట్టుకుంటే మూడో రోజు దాకా ఆగరు. యాంటీబయాటిక్ వల్లనే విరేచనాలు ఎక్కువయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి. అప్పుడు మందు పనిచేయలేదని భావించి ఇంకా బలమైన మందు కోసం పోతారు. ఆ తల్లిదండ్రులను నేను తప్పుపట్టడం లేదు. కళ్ల ముందు జరిగిన దాన్ని బట్టి వారు తీర్మానించుకున్నారు. వారు చూడలేనిది పేగులో జరుగుతున్నది.

పేగులో జరిగేది ఇది. ఒక గ్రాము మలంలో దాదాపు పది వేల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం మనకు హాని చేయనివి, కొన్ని మేలు చేసేవి. రోటావైరస్‌తో బాధపడుతున్న బిడ్డకు ఆఫ్లాక్సాసిన్ పట్టించినప్పుడు వైరస్‌కు ఏమీ కాదు. ఆ మందుకు లొంగే బ్యాక్టీరియా చస్తాయి, లొంగనివి మిగిలి, ఖాళీ అయిన జాగాను ఆక్రమించుకుంటాయి. బ్యాక్టీరియా తన డీఎన్ఏను విప్పి చుట్టుకోవడానికి గైరేజ్ అనే ఎంజైమును వాడుకుంటుంది. ఆఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ దాన్నే పట్టుకుని పనిచేస్తాయి. ఆ ఎంజైములో 83వ స్థానంలో సెరీన్ అనే ఒక్క అమైనో ఆమ్లానికి బదులు మరొకటి వచ్చిందంటే మందు పట్టు సడలిపోతుంది. ఇటువంటి మార్పులు రెండు మూడు కూడితే మందు దాదాపు నీటితో సమానం. విరేచనాలతో ఉన్న బిడ్డ మలం ద్వారా ఈ మిగిలిన బ్యాక్టీరియా మోరీలోకి, మోరీ నుండి వానకు పొంగిన వీధిలోకి, అక్కడి నుండి పగిలిన నల్లా పైపులోకి, అందులోని నీటితో మరో ఇంటి బిందెలోకి చేరుతుంది.

దీనికంటే ఎక్కువగా ఆలోచించవలసిన సంగతి మరొకటి ఉంది. నిరోధకత ఒక బ్యాక్టీరియా నుండి దాని సంతానానికి మాత్రమే కాక, పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందుతుంది. ఈ సత్యాన్ని ప్రపంచం మొదట తెలుసుకున్నది విరేచనాల బ్యాక్టీరియా నుండే. రెండో ప్రపంచ యుద్ధం తరువాత జపాన్‌లో రక్త విరేచనాలకు సల్ఫా మందులను విరివిగా వాడారు. కొన్నేళ్లలోనే అవి పనిచేయడం మానేశాయి. 1955లో అక్కడి వైద్యులు ఒకేసారి నాలుగు మందులకు లొంగని షిగెల్లాను గుర్తించారు. సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ ఆ నాలుగు. నాలుగు వేర్వేరు మార్పులు ఒకే బ్యాక్టీరియాలో విడివిడిగా, అంత త్వరగా ఎలా కుదిరాయన్న ప్రశ్నకు 1959లో ఒచియాయి, అకిబా బృందాలు సమాధానం చెప్పాయి. పేగులోని ఈ.కోలై తన నిరోధకతను షిగెల్లాకు అందించగలదని వారు చూపారు. నాలుగు మందుల నిరోధక జన్యువులూ ప్లాస్మిడ్ అనే ఒకే చిన్న డీఎన్ఏ వలయం మీద కలిసి ప్రయాణిస్తున్నాయి. అంటే హాని చేయని ఈ.కోలైలో ఇవాళ మనం పెంచిన నిరోధకత రేపు అదే పేగులోకి వచ్చిన షిగెల్లాకు అందుబాటులో ఉంటుంది. సెఫ్ట్రియాక్సోన్ వంటి సెఫలోస్పోరిన్ మందులను పనికిరాకుండా చేసే ఎంజైములలో ఇప్పుడు ప్రపంచమంతటా అత్యధికంగా వ్యాపించిన వాటిలో ఒకటైన సీటీఎక్స్-ఎం-15ను మొదటిసారి గుర్తించింది 1999లో న్యూఢిల్లీలో సేకరించిన బ్యాక్టీరియాలోనే. అది కూడా ప్లాస్మిడ్ మీద తిరిగేదే.

షిగెల్లాకు వాడుతూ వచ్చిన మందుల చరిత్ర చూస్తే ఒక్కొక్క మెట్టూ మన కాళ్ల కింద నుండి ఎలా జారిపోయిందో తెలుస్తుంది. సల్ఫా పోయాక ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ వచ్చాయి. అవి పోయాక నాలిడిక్సిక్ ఆమ్లం వచ్చింది. నాలిడిక్సిక్ ఆమ్లం పోయాక, దాని కుటుంబంలోనే బలమైన సిప్రోఫ్లాక్సాసిన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి మందుగా పెట్టింది: పిల్లవాడి బరువులో కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, మూడు రోజులు. 2002, 2003 నాటికే తూర్పు భారతంలో సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగని షిగెల్లాతో రక్త విరేచనాలు ప్రబలాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిరోధక బ్యాక్టీరియాల ప్రాధాన్య జాబితాలో ఈ షిగెల్లా 2017లో మధ్యస్థ వర్గంలో ఉండేది. 2024 జాబితాలో దాన్ని పై వర్గానికి పెంచారు. ఇక మిగిలినవి ప్రధానంగా అజిత్రోమైసిన్, సెఫ్ట్రియాక్సోన్. అజిత్రోమైసిన్‌ను మనం దగ్గుకు, జలుబుకు, జ్వరానికి వాడి వాడి దాన్ని కూడా అరగదీస్తున్నాము. సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్‌గా మాత్రమే ఇవ్వగలిగేది.

ఇంజెక్షన్‌గా మాత్రమే అన్న మాటకు మన ప్రాంతంలో ఏమి అర్థమో పట్నంలో కూర్చుని ఊహించడం కష్టం. ఏటూరునాగారం అవతల గోదావరి ఒడ్డున ఉన్న గూడేనికో, ఉట్నూరు వైపు కొండల్లోని కొలాం, గోండు పల్లెకో వాగు పొంగినప్పుడు దారి తెగిపోతుంది. నోటి ద్వారా మూడు రోజులు ఇచ్చే సిరపుతో ఇంటి దగ్గరే నయమయ్యే జబ్బు, రోజూ సూది కోసం దవాఖానకు పోవలసిన జబ్బుగా మారిపోతే, ఆ తల్లి కూలి పోతుంది, ఇంట్లో మిగతా పిల్లలను చూసేవారు ఉండరు, ఆటో కిరాయికి అప్పు చేయవలసి వస్తుంది. చాలామంది రెండో రోజు రారు. మందుల నిరోధకత గురించి మాట్లాడేటప్పుడు పెద్ద ఆసుపత్రుల ఐసీయూలనే అందరూ తలుచుకుంటారు. ఆ బాధ నిజమే. కానీ నోటి మందు ఒకటి పోయినప్పుడు ఎక్కువగా నష్టపోయేది దవాఖానకు దూరంగా ఉన్న బిడ్డ. అందుకే సిప్రోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్‌లను రక్త విరేచనాల బిడ్డ కోసం దాచి ఉంచాలని నేను ఇంత పట్టుబడుతున్నాను.

మందు ఇచ్చేముందు పరీక్ష చేయించవచ్చు కదా అని కొందరు అడుగుతారు. ల్యాబులో పనిచేసే మనిషిగా చెప్పవలసింది చెప్పాలి. మామూలు మలం కల్చరు విరేచనాలు తెచ్చే ఈ.కోలైని మామూలు ఈ.కోలై నుండి విడదీయలేదు. దానికి జన్యువులను గుర్తించే పీసీఆర్ పరీక్ష కావాలి, అది జిల్లాల్లో సామాన్యులకు అందేది కాదు. షిగెల్లా మలం నమూనాలో ఎక్కువసేపు బతకదు. నమూనాను రెండు గంటల్లోపు ప్లేటు మీద వేయకపోతే, లేదా కారీ-బ్లెయిర్ అనే రవాణా మాధ్యమంలో పెట్టి పంపకపోతే, ఉన్నది కూడా లేనట్లే కనిపిస్తుంది. మాకు వచ్చే నమూనాల్లో ఎక్కువ భాగం అప్పటికే ఒకటి రెండు రకాల యాంటీబయాటిక్‌లు పడిన పిల్లలవి. వాటిలో ఏమీ పెరగదు. "ఏ వ్యాధికారక బ్యాక్టీరియా పెరగలేదు" అని రాసి ఇస్తాము, ఇంటివారు డబ్బులు దండగైనట్లు భావిస్తారు, డాక్టరు మరోసారి కల్చరు రాయడానికి వెనుకాడుతారు. నీళ్ల విరేచనాలకు కల్చరు అవసరమే లేదు. కంటితో చూసి రక్తం ఉందో లేదో చెప్పగలిగిన తల్లి ఇచ్చే సమాచారం చాలా సందర్భాల్లో మా రిపోర్టుకంటే ముందే, మా రిపోర్టుకంటే ఎక్కువగా పనికివస్తుంది.

సీసా ఎందుకు కదులుతోందన్న ప్రశ్నకు నేను ఎంతో కాలం డబ్బే కారణమని నమ్మే వారి మధ్య ఉన్నాను. షాపులకు లాభం, కంపెనీల ప్రతినిధుల ఒత్తిడి, ఆర్‌ఎంపీల కమీషన్ అని మేము మాట్లాడుకునేవాళ్లము. 2024 ఫిబ్రవరిలో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన దీన్ని నేరుగా పరీక్షకు పెట్టింది. కర్ణాటక, బిహార్ రాష్ట్రాల పట్టణాల్లో రెండు వేలకు పైగా ప్రైవేటు వైద్యం చేసేవారి వద్దకు, పిల్లవాడికి విరేచనాలని చెప్పే నటులను పంపి, ఎవరు ఏమి ఇచ్చారో చూశారు. ఓఆర్ఎస్ ఇవ్వకపోవడంలో లాభాపేక్ష పాలు సుమారు 5 శాతం, సరుకు లేకపోవడం పాలు 6 శాతం అని తేలింది. రోగి తరఫువారు ఓఆర్ఎస్‌ను ఇష్టపడరన్న వైద్యుడి ఊహ పాలు 42 శాతం. వచ్చిన మనిషి తనకు ఓఆర్ఎస్ మీద నమ్మకం ఉందని ముందే తెలియజేస్తే దాన్ని ఇచ్చేవారి సంఖ్య గణనీయంగా పెరిగింది. లాభాపేక్ష లేదని దీని అర్థం కాదు. లాభాపేక్ష వల్ల జరిగే ఆ భాగాన్ని మార్చడానికి తల్లిదండ్రుల నోటి మాట సరిపోదు, ప్రభుత్వ నియంత్రణే కావాలి. కానీ దాదాపు సగం సమస్య ఒకరినొకరు అపార్థం చేసుకోవడంలో ఉందని తెలిసినప్పుడు నాకు ఆశ కలిగింది. తల్లి బలమైన మందు కోరుతుందని డాక్టరు తలుస్తాడు. డాక్టరు ఇచ్చాడు గనుక అదే అవసరమని తల్లి తలుస్తుంది. "డాక్టరు గారూ, మలంలో రక్తం లేదు, ఓఆర్ఎస్, జింక్ రాసివ్వండి సార్, యాంటీబయాటిక్ అవసరమైతేనే చెప్పండి" అన్న ఒక్క మాట ఈ చిక్కును విప్పగలదు. ఆ మాట అనడానికి ధైర్యం కావాలని నాకు తెలుసు. మన దగ్గర డాక్టరు ముందు నోరెత్తకపోవడమే మర్యాద అని చాలామంది పెరిగారు. అందుకే ఆ మాటను తల్లికి ముందే నేర్పే పని ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు చేయాలని నేను కోరుతాను.

ఆర్‌ఎంపీల గురించి కూడా నా అభిప్రాయం స్పష్టంగా చెప్పాలి. అర్హత లేని వారు యాంటీబయాటిక్ ఇవ్వడం చట్టవిరుద్ధం, అది ఆగాలి. అయితే రాత్రి పదింటికి పిలిస్తే సైకిల్ మోటారు మీద వచ్చేది అతనే అన్న సంగతిని పక్కన పెట్టి, దాడులు చేసి పెట్టెలు సీజ్ చేసినంత మాత్రాన ఆ రాత్రి ఆ బిడ్డకు నీరు ఎవరు పట్టిస్తారు? పల్లె దవాఖానలు, బస్తీ దవాఖానలు తెరిచి ఉండే వేళలు కూలి పనుల వేళలే. ఓఆర్ఎస్, జింక్ ఇచ్చి, ప్రమాద సూచనలు కనిపిస్తే వెంటనే దవాఖానకు పంపే వరకే ఆయన పాత్రను పరిమితం చేస్తూ శిక్షణ ఇవ్వడం, యాంటీబయాటిక్ సీసా అతని సంచిలో దొరికితే కఠినంగా వ్యవహరించడం, ఈ రెండూ కలిసి జరగాలి.

నా వాదానికి ఎదురయ్యే అసలైన అభ్యంతరం వేరే ఉంది. మన పిల్లల్లో పోషకాహార లోపం ఎక్కువ, బలహీనమైన బిడ్డకు విరేచనాలు ప్రాణాంతకం కావచ్చు, కొందరిలోనైనా కారణం బ్యాక్టీరియా అవుతుంది గనుక, అందరికీ మందు ఇస్తే కొందరి ప్రాణాలైనా నిలుస్తాయి కదా అన్నది ఆ అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తోసేయకూడదు. ఈ ప్రశ్నకే సమాధానం వెతకడానికి భారత్‌తో సహా ఏడు దేశాల్లో, రక్తం లేని విరేచనాలతో పాటు నిర్జలీకరణ గానీ పోషకాహార లోపం గానీ ఉన్న 8 వేలకు పైగా రెండేళ్లలోపు పిల్లల మీద ఒక పరీక్ష జరిపారు. సగం మందికి మూడు రోజులు అజిత్రోమైసిన్, సగం మందికి మందు లేని సిరపు ఇచ్చి, అందరికీ ఓఆర్ఎస్, జింక్ ఇచ్చి, ఆరు నెలలు గమనించారు. 2021లో వెలువడిన ఫలితం ప్రకారం మరణాలలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. రెండు గుంపుల్లోనూ మరణాలు ఒక శాతం కన్నా తక్కువ. తరువాత లోతుగా విశ్లేషించినప్పుడు, కారణం బ్యాక్టీరియా అని పీసీఆర్‌తో తేలిన పిల్లలకు ఆ మందు కొంత మేలు చేసినట్లు కనిపించింది. ఆ మేలును నేను కాదనను. ఆ పిల్లలను మిగతావారి నుండి అప్పటికప్పుడు గుర్తించే చవకైన పరీక్ష వచ్చిన నాడు, వారికి మందు ఇవ్వాలని మొదట అడిగేవారిలో నేనుంటాను. అటువంటి పరీక్ష లేనంత కాలం అందరికీ పోయడం వల్ల అందరిలోనూ నిరోధకత పెరుగుతుంది, ప్రాణాలు మాత్రం ఓఆర్ఎస్‌తో నిలిచినన్నే నిలుస్తాయి. ఓఆర్ఎస్ శక్తి ఎంతటిదో 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ చూపించారు. సెలైన్ అయిపోయిన చోట డ్రమ్ముల్లో కలిపిన ఉప్పు, గ్లూకోజు నీళ్లతో, 30 శాతం దరిదాపుల్లో ఉన్న కలరా మరణాలను 4 శాతం లోపుకు తెచ్చారు.

"కోర్సు పూర్తి చేయండి" అన్న నినాదం గురించి కూడా ఒక మాట. డాక్టరు అవసరమని రాసిన మందును డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలి, అందులో సందేహం లేదు. కానీ పిల్లల విరేచనాల విషయంలో ఆ నినాదాన్ని గోడల మీద రాసి ఊరుకోవడం నాకు అసంపూర్ణంగా తోస్తుంది. రోటావైరస్ బిడ్డకు ఐదు రోజుల ఆఫ్లాక్సాసిన్ శ్రద్ధగా పూర్తి చేయించిన తల్లి, మధ్యలో ఆపేసిన తల్లికంటే నిరోధకతకు ఎక్కువ అవకాశం ఇచ్చినట్లే. మొదలుపెట్టనవసరం లేని కోర్సు గురించి కూడా అంతే పెద్ద అక్షరాలతో రాయాలి.

ఇక ఫ్యాక్టరీల సంగతి. మందుల కంపెనీల వ్యర్థజలాలు, కోళ్ల ఫారాలు ఇంత చేస్తుంటే, తల్లి పోసే రెండు చెంచాల సిరపు గురించి మాట్లాడతారేమిటని ఒక డాక్టరు మిత్రుడు నాతో వాదించాడు. పటాన్‌చెరులో దాదాపు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుండి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. అది మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదుకంటే ఎక్కువ. ఆ నీరు కలిసిన వాగులు మంజీరలో కలుస్తాయి, మంజీర నిజాంసాగర్ మీదుగా పోయి కందకుర్తి వద్ద గోదావరిలో చేరుతుంది. కోళ్లకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని కేంద్రం 2019లో నిషేధించింది. పరిశ్రమల మీద కఠినమైన పరిమితులు పెట్టాలని నేను కూడా అంటాను. అయితే పేగులో ఉన్న బ్యాక్టీరియా మీద అన్నిటికన్నా నేరుగా ఒత్తిడి పెట్టేది పూర్తి మోతాదులో నోటి ద్వారా ఇచ్చిన మందే. ఒకటి తేలేవరకు మరొకటి ఆపాలన్న తర్కం నాకు ఒప్పుదల కాదు.

అసలు విరేచనాలే రాకుండా చేయడం అన్నిటికన్నా మేలు. భారత్ బయోటెక్ హైదరాబాదులో తయారుచేసిన రోటావ్యాక్ చుక్కలను 2016లో నాలుగు రాష్ట్రాలతో మొదలుపెట్టి సార్వత్రిక టీకాల కార్యక్రమంలో చేర్చారు. రోటావైరస్ చుక్కలు ఇప్పుడు 6, 10, 14 వారాల వయసులో ఉచితంగా దొరుకుతున్నాయి. తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల్లో రెండేళ్లలోపు పిల్లలకు రోటావైరస్ టీకా వల్ల యాంటీబయాటిక్ వాడిన విరేచనాలలో సుమారు 11 శాతం తగ్గుతున్నట్లు 2020లో ఒక అధ్యయనం అంచనా వేసింది. టీకాను మనం నిరోధకతకు మందుగా ఎప్పుడూ లెక్కించము, లెక్కించాలి. నల్లా నీరు ఊరిదాకా వచ్చినా పైపు మోరీలో నుండి పోతున్న వీధులు వరంగల్‌లో ఇంకా ఉన్నాయి. వాటి మరమ్మతు మునిసిపల్ ఇంజినీరు పని అనుకుంటాము, అది పిల్లల వైద్యం కూడా.

ఓఆర్ఎస్ విషయంలో ఇంకో జాగ్రత్త. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో విరేచనాలైన పిల్లల్లో 60.6 శాతం మందికి ఓఆర్ఎస్, 30.5 శాతం మందికి మాత్రమే జింక్ అందింది. అందిన ఓఆర్ఎస్ కూడా అన్నిసార్లూ ఓఆర్ఎస్ కాదు. చక్కెర ఎక్కువగా ఉన్న డబ్బా పానీయాలు ఆ పేరు పెట్టుకుని మందుల షాపుల్లో అమ్ముడయ్యేవి. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తరువాత 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. చక్కెర ఎక్కువైతే నీరు పేగులోకే లాగబడి విరేచనాలు పెరుగుతాయి, పెరిగితే మళ్లీ యాంటీబయాటిక్ వైపు చూపు పోతుంది. లీటరు ప్యాకెట్‌ను ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో మొత్తంగా కలపాలి. చెంచా పొడి గ్లాసులో వేసి కలపకూడదు. రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనం తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు చెంచాతో పట్టించాలి, వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి, కలిపిన నీటిని 24 గంటల తరువాత పారబోయాలి. కళ్లు లోపలికి పోయినా, బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, మలంలో రక్తం పడినా ఇంట్లో ఉండకుండా దవాఖానకు పోవాలి.

ఆ రక్త విరేచనాల బిడ్డ దవాఖానకు చేరినప్పుడు అక్కడి డాక్టరు చేతిలో ఏముంటుందన్నది నా చివరి విషయం. భారత వైద్య పరిశోధన మండలి 2013లో మొదలుపెట్టిన మందుల నిరోధకత నిఘా వ్యవస్థలో విరేచనాల బ్యాక్టీరియా ఒక విభాగంగా ఉంది, దాని వార్షిక నివేదికలు వస్తున్నాయి. కానీ అవి పెద్ద ఆసుపత్రుల లెక్కలు. కేరళ 2018లోనే రాష్ట్ర కార్యాచరణ ప్రణాళిక పెట్టుకుని, ఏ బ్యాక్టీరియాకు ఏ మందు ఎంతవరకు పనిచేస్తున్నదో చూపే పట్టికలను రాష్ట్ర స్థాయిలో ప్రచురిస్తున్నది. ఉత్తర తెలంగాణకు కూడా అటువంటి పట్టిక కావాలి. వైద్య కళాశాలల ల్యాబులు, మా వంటి ప్రైవేటు ల్యాబులు షిగెల్లా, సాల్మొనెల్లా ఫలితాలను పిల్లల పేర్లు లేకుండా ఒకచోట చేర్చి, ఏటా వానలకు ముందే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఒక పేజీగా పంపడం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ప్రతి కేంద్రంలో నాలుగు కారీ-బ్లెయిర్ గొట్టాలు ఉంచి, రక్త విరేచనాల పిల్లల నమూనాను మందు ఇవ్వకముందే తీసి పంపే ఏర్పాటు కూడా కావాలి. మా ల్యాబు నుండి ఆ లెక్కలు ఇవ్వడానికి మేము సిద్ధంగా ఉన్నామని జిల్లా అధికారులకు ఉత్తరం రాశాము. మిగతా ల్యాబులు కూడా రాయాలని కోరుతున్నాను.